పెనం కాడ ఎవరున్నారు?

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆదివారాలు రెండు రకాలు. చెరకు ఆడే కాలంలో వచ్చే ఆదివారాలు వేరు, మిగతా ఆదివారాలు వేరు. మిగతా ఆదివారాల్లో మందిరం గంట మోగగానే అమ్మ నా తలకి ఇంత నూనె పెట్టి, చెవుల వెనక తోలు ఊడొచ్చేలా తుడిచి, ఉతికిన గౌను తొడిగి చెయ్యి పట్టుకుని బయల్దేరేది. చెరకు కాలంలో మాత్రం ఊరు ఊరంతా బెల్లం వాసనలో మునిగిపోయి ఉండేది. ఆ వాసన మందిరంలోకీ వచ్చేసేది. అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, నేను ఆ వాసన పీలుస్తూ ఇవాళ ఎవరి పెనం దిగిందో, పాకం పోసిన దోనె అంచుకి అంటుకున్న బెల్లం ఎవరు గీక్కుని తింటున్నారో అని బెంగపడుతూ కూర్చునేదాన్ని. నా భక్తి ఆ మాత్రమే!

మా ఊరు చోడవరం నుంచి దేవరాపల్లి వెళ్ళే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. యేసుప్రభువుని నమ్ముకున్న ఇళ్ళు ఓ వీధి నిండా ఉండేవి, మాదీ ఆ వీధే. మిగతా ఊరంతా రామకోవెలకి వెళ్ళేవాళ్ళు. అందరివీ చెరకు తోటలూ, వరి మళ్ళే. వరసలు పెట్టి పిలుచుకోవడానికి మాలో ఎవరికీ దేవుడు అడ్డం వచ్చేవాడు కాదు. మా చేను పక్క చేనాయన రామకోవెల మనిషే, ఆయన్ని నేను మావయ్యా అనేదాన్ని, అమ్మ అన్నయ్యా అనేది. ఆయన, మా నాన్న ఒకరినొకరు బావా అంటే బావా అనుకునేవారు.

ఊరికి గానుగ ఒక్కటే. చెరకు ఆడించి, ఆ రసాన్ని పెద్ద ఇనప పెనంలో పోసి బెల్లం వండటానికి ఇంటికో వంతు వచ్చేది. ఒకరి వంతు వచ్చిన రోజు మిగతా ఇళ్ళవాళ్ళు వెళ్ళి పని చెయ్యాలి. మన వంతు వచ్చినప్పుడు వాళ్ళు మనకి వచ్చి చేస్తారు. దాన్ని బదులు అనేవాళ్ళం. కూలీ గీలీ ఏమీ ఉండదు, మాట ఒక్కటే. ఇవ్వాల్సిన బదులు ఎగ్గొట్టినవాడి చేలో చెరకు నిలువునా ఎండిపోయినా అడిగే దిక్కుండదు. మా నాన్న బదులు ఎప్పుడూ పెనం దగ్గరే. రసం పొంగి, మురికి తేరి, నురగ రంగు మారి, పాకం వచ్చే వేళకి తెడ్డు పట్టుకుని నిలబడాలి. అరక్షణం ముందు దించితే బెల్లం గడ్డకట్టదు. అరక్షణం ఆలస్యమైతే నల్లగా మాడి చేదెక్కుతుంది. ఆ పని మా వైపు మగవాళ్ళదే. ఆడవాళ్ళు పిప్పి ఎండబెట్టడం, దాంతో పొయ్యి ఎగదొయ్యడం వరకే.

నాన్న మొదట్లో అంత భక్తిపరుడేం కాదు. మందిరంలో గుమ్మం పక్కన కూర్చుని, ఆఖరి ఆమేన్ పూర్తికాకుండానే చుట్ట వెలిగించుకోవడానికి బయటికి జారుకునే రకం. ఆ ఏడు చలికాలంలో చోడవరంలో భక్తి రగిలించే ఉజ్జీవ కూటాలు జరిగాయి. తాటాకు పందిళ్ళు, కంజిరాలు, పెట్రోమాక్సు దీపాలు. నాన్న ఏదో చూసొద్దామని వెళ్ళి, ఏడ్చి, మారి వచ్చాడు. చుట్టలు పెంట మీద పారేశాడు. నోట్లోంచి బూతు మాట రావడం మానేసింది. అమ్మ ఎంత సంతోషించిందో చెప్పలేను. పక్కింటికీ ఎదురింటికీ వెళ్ళి మరీ చెప్పుకుంది.

ఆ సంతోషం కొద్ది వారాలే నిలిచింది. కోడి కూయకముందే ప్రార్థనకి వెళ్ళేవాడు. పగలు సువార్త జట్టుతో కె.కోటపాడు వైపో, చీడికాడ వైపో పల్లెలకి పోయేవాడు. గేదె పాలు పితకడం, నీళ్ళు మొయ్యడం, చేలో నీటికి మడవ కట్టడం అన్నీ అమ్మ నెత్తిన పడ్డాయి. అప్పటికి అమ్మ నెలలు నిండుతున్న గర్భిణి, మా తమ్ముడు కడుపులో ఉన్నాడు. ఒకరోజు నడుం పట్టుకుని గడప మీద కూలబడి, "మీ నాన్నకి దేవుడు దొరికేడే. మనకే మీ నాన్న దొరకడం లేదు," అంది. అని మళ్ళీ తనే గబగబా లెంపలు వేసుకుంది. అమ్మకి పెద్ద ప్రార్థనలు రావు. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి పూటా ఓ గుప్పెడు తీసి దేవుడి కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ అయ్యగారింటికి చేరేది. ఇంట్లో మాకు గంజే దిక్కైన రోజున కూడా ఆ గుప్పెడు తప్పేది కాదు.

అలా ఉండగా ఒక వారం గానుగ ఇంజను చెడిపోయింది. దాంతో వంతులన్నీ జరిగి జరిగి, మావయ్య వంతు ఆదివారం మీద పడింది. అప్పటికే చెరకు కొట్టేసి గానుగ దగ్గర పోగు పెట్టేశారు. శనివారం సాయంత్రం మావయ్య మా వాకిట్లోకి వచ్చాడు. తలపాగా తీసి భుజాన వేసుకుని నిలబడ్డాడు గానీ, కూర్చోమంటే కూర్చోలేదు.

"బావా, రేపు తెల్లారేతలికి పొయ్యి ముట్టించేద్దుం. బేగి వచ్చేయి."

"రేపు ఆదివారం గదా బావా. నాను రాను."

"అదేటి? సెరకు ఎండలో పడుంది. ఇంకో రోజాగితే పులిసిపోతాది. ఏడాది పంట బావా!"

"నాను దేవుడికి మాటిచ్చేను."

"నాకూ ఇచ్చేవు గదా," అన్నాడు మావయ్య. కోపంగా అనలేదు, అడిగినట్టే అన్నాడు. నాన్న ఆకాశం వైపు చూశాడు. మావయ్య తలపాగా చుట్టుకుని వెళ్ళిపోయాడు. అంతకు ముందు ఏడు నాన్న జ్వరంతో పడుకుంటే, మా చెరకంతా ఆడించి బెల్లం దిమ్మలు ఇంటికి చేర్చింది ఈ మావయ్యే. అది నాకే గుర్తుందంటే నాన్నకి గుర్తులేకుండా ఉంటుందా? వాళ్ళిద్దరు తప్ప ఊళ్ళో పాకం తెలిసిన వాళ్ళంతా ఆ రోజుకి పై ఊళ్ళ గానుగలకి వెళ్ళిపోయారు. మావయ్యకి చూపు మందగించి, ఆవిరిలో పెనం లోపల ఏముందో కనబడేది కాదు. ఇదంతా కూడా నాన్నకి తెలుసు.

ఆ సాయంత్రం అమ్మ ఒక్క మాటే అంది, "మాటిచ్చి ఎగ్గొడితే మనిసి మొహం ఎలా సూస్తాం?" అని. ఆదివారం దేవుడిదన్నాడు నాన్న. అమ్మ నోరు మూసుకుంటే మా ఇంట్లో గిన్నెలు మాట్లాడేవి. అవి ఆ పూట చాలానే మాట్లాడాయి.

మర్నాడు నాన్న చీకటితోనే ప్రార్థనకి వెళ్ళిపోయాడు. వెలుగు రేకలు వస్తుండగా అమ్మ నన్ను లేపి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, దేవుడి కుండ నా చేతికిచ్చి నడిపించింది. మందిరం వెనకే అయ్యగారి ఇల్లు. అయ్యగారు వేరే పల్లెలో తొలి ఆరాధన జరిపించి రావడానికి అప్పటికే వెళ్ళిపోయారు. ఆయన భార్యని మేమంతా అమ్మగారూ అనేవాళ్ళం. పెద్దావిడ, పొట్టి మనిషి. నవ్వితే ముందు కళ్ళు నవ్వేవి. ఆవిడ వాకిలి చిమ్ముతోంది.

అమ్మ నా చేతిలో కుండ తీసి అరుగు మీద పెట్టి, "అమ్మగారూ, ఇయ్యాల నాను ఆరాధనకి రాలేను. ఆయన బదులు నాను పెనం కాడికి ఎల్తన్నాను. నాకోసం ప్రార్థన సెయ్యండి," అంది. అమ్మగారు అమ్మ పొట్ట వైపు చూసింది, మొహం వైపు చూసింది. చీపురు పక్కన పడేసింది.

"నీకు పాకం తెలుసునేటే?"

"ఇన్నేళ్ళూ ఆయనకి అంబలి మోసుకెళ్ళి పక్కన నిలబడ్డాను గదండి. సూస్తే తెలుస్తాది."

అమ్మగారు వద్దనలేదు. అమ్మ తల మీద చెయ్యి పెట్టి, పెదాలు కదిపి, పంపేసింది. వెళ్తూ వెళ్తూ అమ్మ నా గడ్డం పట్టుకుని, నీ అంతట నువ్వు ఎవరికీ చెప్పకు, అడిగితే మాత్రం అబద్ధం ఆడకు అంది. అమ్మగారు నాకు రెండు జడలు వేసి, చద్దన్నం పెట్టి, మందిరంలోకి తనతోనే తీసుకెళ్ళి తన చాప మీద కూర్చోబెట్టుకుంది.

మా మందిరంలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. నాన్న మగవాళ్ళ ముందు వరసలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు చూడ్డం భక్తి కాదనుకున్నాడో ఏమో, తల తిప్పలేదు. అయ్యగారు వచ్చేదాకా పాటలూ, దేవుడు తమకేం చేశాడో లేచి చెప్పుకునే సాక్ష్యాలూ అమ్మగారే నడిపించేది. పాట అయ్యాక ఆవిడ లేచి, ఈ వారం మొదటి సాక్ష్యం నువ్వు చెప్పు బాబూ అని నాన్ననే పిలిచింది.

నాన్న లేచాడు. గొంతు సవరించుకున్నాడు. నిన్న సాయంత్రం సాతాను తన వాకిట్లోకి ఒక శోధనని పంపించాడని, పెనం దగ్గరికి రమ్మని పిలిచాడని, తాను లొంగలేదని, లోకం పనికన్నా ప్రభువు దినమే తనకి ముఖ్యమని చెప్పాడు. పెద్దలు హల్లెలూయా అన్నారు. కంజిర పట్టుకున్నాయన ఓ దెబ్బ కూడా వేశాడు. నాకు ఒళ్ళు మండింది. పాకం దిగగానే ఆకులో మొదటి ముద్ద నాకు పెట్టే మావయ్యని సాతాను అంటాడా? అమ్మగారి చెయ్యి నా భుజం మీద పడకపోతే నేను అక్కడే ఏదో ఒకటి అరిచేసేదాన్ని.

"దేవుడికి స్తోత్రం. ప్రభువు దినం కావాలన్నావు, మంచి మాట. ఒక్కటి సెప్పు బాబూ," అంది అమ్మగారు, చాలా మెల్లగా. "ఇప్పుడు పెనం కాడ ఎవరున్నారు?"

నాన్న తడబడ్డాడు. "ఎవరో ఒకరుంతారండి. దేవుడే సూసుకుంతాడు."

"దేవుడు సూస్తనే ఉన్నాడు. తెడ్డు ఎవరు పట్టుకున్నారని అడిగేను." నాన్న నేల చూపులు చూస్తుంటే ఆవిడ నా వైపు తిరిగింది. "ఏటే గుంటా, మీ అమ్మ ఏదే?"

నేను లేచి నిలబడ్డాను. "పెనం కాడుంది. నాన్న బదులు."

అప్పుడు తల తిప్పాడు నాన్న. ఆడవాళ్ళ వైపు చాపలన్నీ వెతికాడు. పంచె ఎగ్గట్టుకున్నాడో లేదో, చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాటేశాడు. వెనక నుంచి అమ్మగారి మాట నాకు వినబడింది. "ఎవరూ సాటుగా మాటలనుకోకండి. ఆయన పారిపోలేదు, నానే పంపేను. పాట ఎత్తండి." నేను కూడా గౌను ఎత్తి పట్టుకుని నాన్న వెనకే పరిగెత్తాను.

గానుగ పాకలో ఆవిరి కమ్మేసి ఉంది. అమ్మ పెనం ముందు, రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, తెడ్డు తిప్పుతోంది. మొహం కందగడ్డలా ఉంది. మోచేతి కింద పాకం చింది ఎర్రగా బొబ్బ లేచింది. మావయ్య జల్లిగరిటె పట్టుకుని అమ్మ మొహం వైపు చూస్తున్నాడు. ఆయన ఏడాది పంటలో తొలి పెనం ఆ నిమిషాన అమ్మ చేతిలో ఉంది. నురగ లేచి అంచు దాకా వస్తోంది. నాన్న ఒక్క అంగలో వెళ్ళి చెయ్యి చాపాడు.

"ఇటియ్యి."

"ఇప్పుడు కాదు," అంది అమ్మ, పెనం మీద నుంచి చూపు తిప్పకుండా. "పాకం మీదుంది. పొయ్యి కాడ కూకో."

మా నాన్న, ఊరందరికీ పాకం చెప్పే మనిషి, పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. అమ్మ పిప్పి తియ్యమంటే తీశాడు. ఎగదొయ్యమంటే ఎగదోశాడు. అమ్మ తెడ్డు కొసనుంచి ఓ చుక్క నీళ్ళ మూకుడులో వేసి, వేళ్ళతో ఉండ చేసి, ఆ ఉండని నాన్న కళ్ళ ముందు పెట్టింది. నాన్న తల ఊపాడు. "దించండి!" అని అమ్మ కేక వేసింది. ఆ కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. మగవాళ్ళు వెదురు బొంగులు దూర్చి పెనం ఎత్తి దోనెలో పోశారు. బంగారం రంగు బెల్లం. మావయ్య భార్య దండం పెట్టేసింది, ఎవరికో తెలీదు.

అప్పుడు వదిలింది అమ్మ తెడ్డుని. పిప్పి పోగు మీద కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "సాక్షం సెప్పడం అయ్యిందా?" అని అడిగింది.

నాన్న చెంబుతో చల్లటి నీళ్ళు తెచ్చి, బొబ్బ మీద ధారగా పోస్తూ కూర్చున్నాడు. చెంబు అయిపోతే మళ్ళీ తెచ్చాడు. తర్వాత లేచి మావయ్య దగ్గరికి వెళ్ళి, "బావా, తప్పయిపోయింది. నిన్ను సాతానన్నాను," అన్నాడు.

"నన్నా? ఎప్పుడు?" అన్నాడు మావయ్య తెల్లబోయి.

"ఇందాకే. మందిరంలో, అందరి ముందూ."

మావయ్య పకపకా నవ్వాడు. "ఓస్, దానికేటి! మీ సెల్లి రోజూ అంటాది," అని తెడ్డు తీసి నాన్న చేతిలో పెట్టాడు. మిగిలిన పెనాలన్నీ నాన్నే దించాడు.

ఆరాధన అయ్యాక అమ్మగారు నెత్తిన తపేలా పెట్టుకుని పాకలోకి వచ్చింది. ఆవిడ వెనక, పల్లె నుంచి తిరిగొచ్చిన అయ్యగారూ, ఇంకొందరూ ఉన్నారు. తపేలాలో వేడి అన్నం, పప్పుచారు. అందరికీ ఆకులేసి, మొదట అమ్మకే వడ్డించింది. పొద్దున్న ఇచ్చిన కుండలో బియ్యమని అమ్మ గింజ చూసి పోల్చుకుంది. ఇది దేవుడి బియ్యం గదండీ అని కంగారుపడింది. "అవునే. అందుకే నీకు తెచ్చేను. తిను," అంది ఆవిడ. అమ్మ తింటూ తింటూ ఏడ్చింది. అన్నాళ్ళ అలసటా ఆ ఏడుపులో బయటికి వచ్చేసింది. అయ్యగారు వాక్యం ఏమీ చెప్పలేదు. పొయ్యికి ఇవతల నిలబడి చిన్న ప్రార్థన చేస్తే మావయ్య కూడా తలపాగా తీసి నిలబడ్డాడు.

ఆ రోజుతో నాన్న భక్తి తగ్గిందనుకుంటారేమో, లేదు. పల్లెలకి వెళ్ళడం మానలేదు, మోకాళ్ళ ప్రార్థన మానలేదు. కాకపోతే బయల్దేరే ముందు వాకిట్లో ఆగి, నీళ్ళున్నాయా, గేదెకి కుడితి పెట్టేవా అని అడిగేవాడు. లేవంటే సంచీ కొక్కేనికి తగిలించేవాడు. తమ్ముడు పుట్టాక వాణ్ణి భుజానేసుకునే కూటాలకి వెళ్ళేవాడు. వాడు అక్కడ గుక్కపెట్టి ఏడిస్తే బయటికి వచ్చి చెట్టు కింద ఊపేవాడు. మరుసటి ఏడు వంతులు వేసుకునేటప్పుడు, ఆదివారం మధ్యాహ్నం దాకా పొయ్యి వెలిగించొద్దని పట్టుబట్టింది ఎవరనుకున్నారు? మావయ్య! మా బావ మందిరంలో ఉంటాడు, ఆయన వచ్చాకే పెనం ఎక్కాలి అన్నాడు. ఊరు సరేనంది.

నేను పెద్దయ్యాక నర్సు ఉద్యోగం చేశాను. ఆదివారాలు డ్యూటీ పడ్డప్పుడల్లా మందిరం తప్పిపోయిందే అని మనసు పీకేది. మంచం పక్కన సెలైన్ సీసా మారుస్తూ, నేను పెనం దగ్గరున్నాను ప్రభువా అని లోపల అనుకునేదాన్ని. చోడవరంలో స్థిరపడ్డాక ఈమధ్య ఒక శుక్రవారం, కోడలు పరీక్షల డ్యూటీకి బడికి వెళ్తే, మనవరాలికి జ్వరమని ఉపవాస ప్రార్థనకి వెళ్ళలేదు. మా కొత్త పాస్టరు కుర్రాడు ఫోన్ చేసి ఏమ్మా రాలేదేం అన్నాడు. పెనం కాడున్నాను బాబూ అన్నాను. దోసెలు పోస్తున్నారా అమ్మా అని అడిగాడు పాపం!

నాన్న ఆఖరి రోజుల్లో మంచం మీదే ఉన్నాడు. తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో పొయ్యాలి, అన్నీ అమ్మే. నేను వెళ్ళిన ఓ ఆదివారం మందిరం గంట మోగింది. నేను చూస్తాలే వెళ్ళమ్మా అన్నాను. అమ్మ కదల్లేదు. నాన్న వినబడీ వినబడని గొంతుతో, "గంట కొట్టేరు. నువ్వెల్లు," అన్నాడు. అమ్మ గంజి ఊది చల్లారుస్తూ, తలెత్తకుండా, "నానెల్తే పెనం కాడ ఎవరుంతారు?" అంది. నాన్నకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళ పక్క నుంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోయాయి. అమ్మ చెయ్యి దగ్గరికి లాక్కుని, మోచేతి కింద ఆ పాత మచ్చ మీద బొటనవేలితో రాస్తూ ప్రార్థన మొదలుపెట్టాడు. చాలాసేపు చేశాడు. గంజి చల్లారిపోయినా అమ్మ చెయ్యి తీసుకోలేదు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఆదివారం గంట వినబడగానే నేను సంచీ భుజానికి తగిలించుకుని చెప్పులు వేసుకుంటాను. గడప దగ్గర ఆగి, ఒక్కసారి వెనక్కి తిరిగి ఇంట్లోకి చూస్తాను. పెనం కాడ ఎవరూ లేరనిపిస్తే చెప్పులు విప్పేసి లోపలికి వచ్చేస్తాను. ఉన్నారనిపిస్తే మాత్రం, ఈ నొప్పి మోకాళ్ళతోనే గబగబా వెళ్ళి ముందు వరసలో కూర్చుంటాను.